గెలవని అభ్యర్థి గెలుపును మార్చగలడా? అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో స్వతంత్రులు

అమెరికా అధ్యక్ష ఎన్నికలు వచ్చినప్పుడల్లా మన పత్రికలూ టీవీ చానళ్లూ రెండు పేర్ల చుట్టూనే తిరుగుతాయి. ఒకటి రిపబ్లికన్ అభ్యర్థిది, రెండోది డెమోక్రటిక్ అభ్యర్థిది. కాని అక్కడి ఓటరు చేతికి వచ్చే బ్యాలట్‌లో ఆ రెండు పేర్లే ఉండవు. చిన్న పార్టీలవారు ఉంటారు, ఏ పార్టీ లేకుండా నిలబడిన స్వతంత్రులు ఉంటారు. వీరిలో ఎవరూ గెలవరని అందరికీ తెలుసు. అయినా పెద్ద పార్టీలు రెండూ వీరిని చూసి కంగారు పడతాయి. పేరు బ్యాలట్ మీదికి ఎక్కకుండా కోర్టుకెళ్లి అడ్డుకుంటాయి. గెలవని మనిషిని చూసి ఇంత భయం దేనికి?

మన పాఠకుల కుటుంబాల్లో ఇది దూరపు ప్రశ్న కాదు. డల్లాస్‌లోనో అట్లాంటాలోనో స్థిరపడి, పౌరసత్వం తీసుకొని, అక్కడ ఓటు వేస్తున్న కొడుకులూ కోడళ్లూ కూతుళ్లూ అల్లుళ్లూ మనకున్నారు. "ఇద్దరిలో ఎవరికి వేయడానికీ మనసు ఒప్పుకోవడం లేదు, మూడో మనిషికి వేస్తే ఓటు వృథా అవుతుందంటున్నారు, నిజమేనా?" అని అడిగేవారూ ఉన్నారు. అవుననో కాదనో ఒక్క మాటలో తేల్చడం కన్నా, అక్కడి ఎన్నిక ఎలా నడుస్తుందో వివరిస్తే జవాబు ఎవరికి వారే చెప్పుకోగలరని మేము భావిస్తున్నాము. ఎవరికి ఓటు వేయాలో చెప్పడం ఈ వ్యాసం పని కాదు.

ముందుగా ఒక చిన్న తేడా చెప్పాలి. ఏ పార్టీ టికెట్టూ లేకుండా నిలబడేవారు స్వతంత్రులు. గ్రీన్ పార్టీ, లిబర్టేరియన్ పార్టీ వంటి చిన్న పార్టీల తరఫున నిలబడేవారిని మూడో పార్టీ అభ్యర్థులంటారు. చట్టం దృష్టిలో ఈ రెండూ వేరు. ఎన్నికల లెక్కలో మాత్రం ఇద్దరి ప్రభావమూ ఒకే తీరుగా ఉంటుంది. అందుకే ఇక్కడ ఇద్దరి ఉదాహరణలూ తీసుకుంటున్నాము.

ఒక ఎన్నిక కాదు, యాభై ఒక్క ఎన్నికలు

అమెరికా అధ్యక్షుణ్ణి దేశమంతటి ఓట్లు కూడి ఎన్నుకోరు. ఎన్నుకునేది ఎలక్టోరల్ కాలేజీ. ఇందులో 538 మంది ఎలక్టర్లు ఉంటారు. ప్రతినిధుల సభలో ఒక రాష్ట్రానికి ఎంతమంది సభ్యులున్నారో ఆ సంఖ్యకు ఇద్దరు సెనేటర్లను కలిపితే వచ్చేది ఆ రాష్ట్రపు ఎలక్టర్ల సంఖ్య. రాజధాని వాషింగ్టన్‌కు 1961లో వచ్చిన 23వ రాజ్యాంగ సవరణ ప్రకారం ముగ్గురు ఎలక్టర్లు. అధ్యక్షుడు కావాలంటే 270 మంది మద్దతు కావాలి. అందరికంటే ఎక్కువ వస్తే చాలదు, మొత్తంలో సగం దాటి తీరాలి. ఈ మాట గుర్తుంచుకోవాలి, దీనితో తర్వాత పని ఉంది.

యాభై రాష్ట్రాల్లో నలభై ఎనిమిది తమ ఎలక్టర్లను గంపగుత్తగా ఒక్కరికే ఇస్తాయి. రాజధానిదీ అదే పద్ధతి. రాష్ట్రంలో మిగతావారికంటే ఒక్క ఓటు ఎక్కువ తెచ్చుకున్నవారికి ఆ రాష్ట్రపు ఎలక్టర్లందరూ దక్కుతారు, రెండో స్థానంలో ఉన్నవారికి సున్న. మెయిన్, నెబ్రాస్కా రాష్ట్రాలు మాత్రం కొందరు ఎలక్టర్లను కాంగ్రెస్ నియోజకవర్గాల వారీగా ఇస్తాయి.

ఇక్కడ ఇంకో సంగతి గమనించాలి. రాష్ట్రాన్ని గెలవడానికి సగం ఓట్లు అక్కరలేదు, అందరికంటే ఎక్కువ వస్తే చాలు. దేశం మొత్తం మీద ఎలక్టర్లలో మాత్రం సగం దాటాలి. కింద ఒక నియమం, పైన ఇంకో నియమం. స్వతంత్ర అభ్యర్థి చూపగల ప్రభావమంతా ఈ రెండు నియమాల నుంచే వస్తుంది. కింది నియమం వల్ల అతడు ఒక రాష్ట్రపు ఫలితాన్ని తారుమారు చేయగలడు. పై నియమం వల్ల అసలు ఎవరూ గెలవకుండా చేయగలడు.

బ్యాలట్ మీద పేరు ఎక్కడమే పెద్ద యుద్ధం

మన దేశంలో స్వతంత్ర అభ్యర్థి నామినేషన్ వేసి, ప్రతిపాదకుల సంతకాలు పెట్టించి, డిపాజిట్ కడితే పేరు ఎక్కుతుంది. అమెరికాలో దేశమంతటికీ ఒకే ఎన్నికల సంఘం పెట్టిన ఒకే నియమం లేదు. ఏ రాష్ట్రం చట్టం ఆ రాష్ట్రానిదే. టెన్నెసీలో స్వతంత్రుడికి 275 మంది ఓటర్ల సంతకాలు సరిపోతాయి. టెక్సస్‌లో గత అధ్యక్ష ఎన్నికలో పోలైన ఓట్లలో 1 శాతానికి సమానమైన సంతకాలు కావాలి, అంటే లక్షకు పైమాటే. ఆ సంతకాలు కూడా ఆ ఏడాది పెద్ద పార్టీల ప్రైమరీల్లో ఓటు వేయనివారివే అయివుండాలి. గడువు తేదీలు వేరు, ఫారాలు వేరు. పార్టీ ప్రైమరీలో ఓడినవారు అదే ఏడాది స్వతంత్రులుగా నిలబడకుండా చాలా రాష్ట్రాలు చట్టాలు చేశాయి.

పార్టీ అభ్యర్థికి ఈ బాధ లేదు. స్వతంత్రుడు మాత్రం ప్రచారానికి ఖర్చు పెట్టాల్సిన డబ్బులో పెద్ద భాగాన్ని సంతకాలు సేకరించేవారికీ లాయర్లకూ ఖర్చు పెట్టాలి. ఆ తర్వాత టీవీ చర్చలు. 2000 నుంచి చాలా ఏళ్లు ఆ చర్చలు నడిపిన సంస్థ, జాతీయ సర్వేల్లో కనీసం 15 శాతం మద్దతు ఉంటేనే వేదిక మీదికి రానిచ్చేది. వేదిక ఎక్కితే గాని మద్దతు పెరగదు, మద్దతు పెరిగితే గాని వేదిక దొరకదు. పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు అన్న మన సామెత ఇక్కడ సరిగ్గా అతుకుతుంది.

దేశ చరిత్రలో ఏ పార్టీ లేకుండా అధ్యక్షుడైనవారు ఒక్క జార్జి వాషింగ్టన్ మాత్రమే. ఆయన కాలానికి ఈ పార్టీలు ఇంకా స్థిరపడలేదు.

కోటీ తొంభై ఏడు లక్షల ఓట్లు, సున్న ఎలక్టర్లు

స్వతంత్రుల కథలో అందరూ మొదట చెప్పుకునేది 1992. టెక్సస్ వ్యాపారి రాస్ పెరో సొంత డబ్బుతో బరిలోకి దిగారు. జూలైలో తప్పుకొని, అక్టోబరు 1న తిరిగి వచ్చారు. అయినా మూడు టీవీ చర్చల్లో పాల్గొని, దేశం మొత్తం మీద 18.9 శాతం ఓట్లు తెచ్చుకున్నారు. సుమారు కోటీ తొంభై ఏడు లక్షల మంది ఆయనకు వేశారు. దక్కిన ఎలక్టర్లు ఎంతమంది? ఒక్కరూ లేరు. ఆయన ఓట్లు దేశమంతటా పలుచగా పరుచుకున్నాయి. మెయిన్‌లోనూ యూటాలోనూ రెండో స్థానం దాకా వచ్చారు, మొదటి స్థానం మాత్రం ఎక్కడా రాలేదు.

బిల్ క్లింటన్ 43 శాతం ఓట్లతో 370 మంది ఎలక్టర్లను గెలిచారు. అప్పటి అధ్యక్షుడు జార్జి బుష్‌కు 37.4 శాతం ఓట్లు, 168 మంది ఎలక్టర్లు వచ్చారు. ఆ ఏడాది యాభై రాష్ట్రాల్లో ఒక అభ్యర్థికి సగానికి మించి ఓట్లు వచ్చింది క్లింటన్ సొంత రాష్ట్రం ఆర్కాన్సాలో మాత్రమే. నెవాడాను క్లింటన్ 37 శాతంతోనే గెలిచారు. అంటే అక్కడ ప్రతి పదిమందిలో ఆరుగురు ఆయనకు వేయలేదు, అయినా ఎలక్టర్లందరూ ఆయనకే వెళ్లారు.

"పెరో లేకపోతే బుష్ గెలిచేవారు" అన్న మాట నేటికీ వినిపిస్తుంది. ఓటు వేసి బయటికి వచ్చినవారిని ఆనాడు అడిగిన సర్వే ఈ మాటను బలపరచదు. పెరో నిలబడకపోతే బుష్‌కు వేసేవాళ్లమని ఆయన ఓటర్లలో 38 శాతం మంది చెప్పారు. క్లింటన్‌కు వేసేవాళ్లమన్నవారు కూడా 38 శాతమే. మిగిలినవారిలో చాలామంది అసలు పోలింగుకే వచ్చేవారు కారు. మూడో అభ్యర్థికి పడ్డ ఓట్లన్నీ ఎవరో ఒకరి జేబులోంచి దొంగిలించినవే అనుకోవడం పొరపాటని దీన్నిబట్టి తెలుస్తుంది.

తక్కువ ఓట్లు, ఎక్కువ బలం

పెరో కంటే తక్కువ ఓట్లతో అంతకంటే ఎక్కువ కంగారు పుట్టించినవారు ఉన్నారు. 1968లో అలబామా మాజీ గవర్నర్ జార్జి వాలెస్ అమెరికన్ ఇండిపెండెంట్ పార్టీ పేరిట నిలబడ్డారు. తెల్లవారినీ నల్లవారినీ వేరుగా ఉంచాలన్న వాదం ఆయనది. దేశం మొత్తం మీద వచ్చింది 13.5 శాతమే. కాని ఆ ఓట్లు దక్షిణాదిలో గుమికూడి ఉన్నాయి. అలబామా, ఆర్కాన్సా, జార్జియా, లూసియానా, మిసిసిపి రాష్ట్రాల్లో ఆయన గెలిచారు. ఆ అయిదింటి నుంచి 45 మంది ఎలక్టర్లు, నార్త్ కరోలినాలో మాట తప్పిన ఒక ఎలక్టరు, మొత్తం 46.

వాలెస్ లక్ష్యం గెలుపు కాదు. పెద్ద అభ్యర్థులిద్దరినీ 270కి కింద నిలిపి, తన ఎలక్టర్లను ముందు పెట్టుకొని బేరమాడాలన్నది ఆయన ఆలోచన. నల్లజాతి పౌరుల హక్కుల చట్టాల అమలులో కేంద్రం వెనక్కి తగ్గాలన్నదే ఆ బేరంలో ఆయన అడగదలచుకున్న ధర. అది ఎంత దగ్గరికి వచ్చిందో చూడండి. రిచర్డ్ నిక్సన్‌కు 301 మంది, హ్యూబర్ట్ హంఫ్రీకి 191 మంది ఎలక్టర్లు వచ్చారు. నిక్సన్ సుమారు 3 శాతం తేడాతో గెలిచిన కాలిఫోర్నియాకు అప్పట్లో 40 మంది ఎలక్టర్లు. ఆ ఒక్క రాష్ట్రం అటు తిరిగివుంటే నిక్సన్‌కు 261, హంఫ్రీకి 231, వాలెస్‌కు 46 మిగిలేవి. ఎవరూ 270 చేరేవారు కాదు. ఒక దేశపు పౌరుల హక్కులు ఒక మనిషి బేరసారాల మీద ఆధారపడేవి.

ఆ భయంతోనే 1969 సెప్టెంబరులో ప్రతినిధుల సభ ఎలక్టోరల్ కాలేజీని రద్దు చేసే రాజ్యాంగ సవరణను 338-70 ఓట్లతో ఆమోదించింది. మరుసటి ఏడాది సెనేట్‌లో సుదీర్ఘ ప్రసంగాలతో సాగదీసి దాన్ని ఆపేశారు.

అందువల్ల స్వతంత్రుడికి ఎన్ని ఓట్లు వస్తాయన్నది అడగవలసిన ప్రశ్నలో సగమే. ఆ ఓట్లు ఎక్కడ వస్తాయన్నది మిగతా సగం. అలాగని ఒకే రాష్ట్రంలో బలం ఉంటే చాలని కూడా కాదు. 2016లో స్వతంత్రుడు ఇవాన్ మెక్‌మలిన్ తన సొంత రాష్ట్రం యూటాలో 21 శాతానికి పైగా ఓట్లు తెచ్చుకొని కూడా మూడో స్థానంలోనే ఆగిపోయారు. ఆ రాష్ట్రపు ఆరుగురు ఎలక్టర్లూ డొనాల్డ్ ట్రంప్‌కే వెళ్లారు.

537 ఓట్ల తేడా

స్వతంత్రుల ప్రభావం సాధారణంగా కనిపించేది తూకం సరిసమానంగా ఉన్న రాష్ట్రాల్లో. లెక్క తేలిక. పది లక్షల ఓట్లు పోలైన ఒక రాష్ట్రంలో మొదటి అభ్యర్థికి 4,85,000, రెండో అభ్యర్థికి 4,80,000, మూడో అభ్యర్థికి 35,000 వచ్చాయనుకుందాం. మూడో మనిషికి ఏమీ దక్కలేదు. కాని ఆ 35,000లో 20,000 మంది రెండో అభ్యర్థికి, 14,000 మంది మొదటి అభ్యర్థికి వేసివుంటే ఫలితం తిరగబడేది. అదే మొదటివారికీ రెండోవారికీ తేడా లక్ష ఉంటే మూడో మనిషి ఉన్నా లేకపోయినా ఒకటే.

2000 నాటి ఫ్లోరిడా దీనికి ఉదాహరణ. జార్జి డబ్ల్యు. బుష్ అక్కడ 537 ఓట్ల తేడాతో గెలిచి, మొత్తం 271 మంది ఎలక్టర్లతో అధ్యక్షుడయ్యారు. గ్రీన్ పార్టీ అభ్యర్థి రాల్ఫ్ నాడర్‌కు ఆ రాష్ట్రంలో 97,488 ఓట్లు వచ్చాయి. ఆయన ఓటర్లలో ఎక్కువమంది అల్ గోర్‌కు దగ్గరివారు గనుక, గోర్ ఓటమికి నాడరే కారణమని డెమోక్రాట్లు అన్నారు. లెక్క చూస్తే ఆ వాదనలో బలం ఉంది. దాన్ని పక్కనుంచి చూస్తే మరో సంగతి కనిపిస్తుంది. ఆ రోజు ఫ్లోరిడా బ్యాలట్ మీద ఉన్న చిన్న అభ్యర్థుల్లో ప్రతి ఒక్కరికీ 537 కంటే ఎక్కువ ఓట్లే వచ్చాయి. తేడా అంత చిన్నదైనప్పుడు ఫలితాన్ని మార్చగలిగే కారణాలు వందుంటాయి. తూకం సరిగ్గా సమానంగా ఉన్నప్పుడు ఈగ వాలినా ముల్లు ఒరుగుతుంది. ఆ తప్పంతా ఈగదే అనడం మాత్రం న్యాయం కాదు.

2016లో మిషిగన్‌ను ట్రంప్ 10,704 ఓట్ల తేడాతో గెలిచారు. గ్రీన్ పార్టీ అభ్యర్థి జిల్ స్టైన్‌కు అక్కడ 51 వేలకు పైగా వచ్చాయి. ఆ అంకెను చూసి హిల్లరీ క్లింటన్ ఓటమికి స్టైన్‌ను తప్పుపట్టినవారు ఉన్నారు. అదే రాష్ట్రంలో లిబర్టేరియన్ అభ్యర్థి గ్యారీ జాన్సన్‌కు సుమారు లక్షా డెబ్బై రెండు వేలు వచ్చాయని వారు చెప్పరు. జాన్సన్ లేకపోతే ఆ ఓట్లలో ఎన్ని ట్రంప్‌కు వెళ్లేవి? ఒక మూడో అభ్యర్థిని లెక్కలోంచి తీసేసి, ఇంకొకరిని ఉంచితే వచ్చే జవాబు మనకు కావలసిన జవాబే అవుతుంది, నిజమైన జవాబు కాదు. నలుగురైదుగురు నిలబడ్డ పోటీలో ఒకరు లాగిన ఓట్లను మరొకరు లాగిన ఓట్లు కొట్టేయవచ్చు.

పెద్ద పార్టీయే చీలినప్పుడు మాత్రం లెక్క మరింత స్పష్టంగా ఉంటుంది. 1912లో మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ రిపబ్లికన్ పార్టీ నుంచి బయటికి వచ్చి ప్రోగ్రెసివ్ పార్టీ తరఫున నిలబడ్డారు. ఆయనకు 27.4 శాతం, అధ్యక్షుడిగా ఉన్న రిపబ్లికన్ విలియమ్ టాఫ్ట్‌కు 23.2 శాతం ఓట్లు వచ్చాయి. రెండూ కలిపితే సగం దాటుతుంది. విడిపోవడం వల్ల 42 శాతం కూడా నిండని డెమోక్రాట్ వుడ్రో విల్సన్ 435 మంది ఎలక్టర్లతో గెలిచారు. రూజ్‌వెల్ట్‌కు 88 మంది, టాఫ్ట్‌కు కేవలం ఎనిమిది మంది. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినట్టయింది.

చాలామంది నిలబడితే ఫలితం తప్పనిసరిగా మారుతుందనీ అనుకోకూడదు. 1860లో నలుగురు పోటీ పడ్డారు. ఏబ్రహాం లింకన్‌కు 40 శాతం ఓట్లు కూడా నిండలేదు. అయినా మిగతా ముగ్గురి ఓట్లూ ఒక్కరికే పడివున్నా లింకనే గెలిచేవారు. ఎందుకంటే ఎలక్టర్లు ఎక్కువగా ఉన్న ఉత్తరాది రాష్ట్రాలను ఆయన సగానికి మించిన ఓట్లతో గెలుచుకున్నారు.

ఎవరికీ 270 రాకపోతే

ఇక పై నియమం సంగతి. ఒక స్వతంత్రుడు రెండు మూడు రాష్ట్రాలు గెలిచి, పెద్ద అభ్యర్థులిద్దరూ 270కి కింద ఆగిపోయారనుకుందాం. మన దేశంలో లోక్‌సభలో ఎవరికీ మెజారిటీ రాకపోతే పార్టీలు చేతులు కలిపి ప్రభుత్వం ఏర్పాటు చేస్తాయి. స్వతంత్ర ఎంపీలకు అప్పుడు గిరాకీ పెరుగుతుంది. అమెరికాలో ఆ దారి లేదు. 1804లో వచ్చిన 12వ రాజ్యాంగ సవరణ చెప్పిన దారి వేరు.

ఎలక్టర్లు డిసెంబరు మధ్యలో తమ తమ రాష్ట్రాల్లో ఓటు వేస్తారు. జనవరి 6న కాంగ్రెస్ ఆ ఓట్లు లెక్కిస్తుంది. ఎవరికీ సగం దాటకపోతే, ఎక్కువ ఎలక్టర్లను తెచ్చుకున్న మొదటి ముగ్గురిలోంచి ప్రతినిధుల సభ అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటుంది. అక్కడ సభ్యుడికి ఒక ఓటు ఉండదు, రాష్ట్రానికి ఒక ఓటు ఉంటుంది. 52 మంది సభ్యులున్న కాలిఫోర్నియాదీ ఒక ఓటే, ఒకే ఒక్క సభ్యుడున్న వయోమింగ్‌దీ ఒక ఓటే. ఒక రాష్ట్ర సభ్యులు చెరిసగంగా చీలితే ఆ రాష్ట్రం ఓటు లెక్కకు రాదు. రాజధాని వాషింగ్టన్‌కు ఇక్కడ ఓటు లేదు. గెలవాలంటే 26 రాష్ట్రాలు కావాలి. ఉపాధ్యక్షుణ్ణి మాత్రం సెనేట్ ఎన్నుకుంటుంది, అదీ మొదటి ఇద్దరిలోంచే. సెనేటర్లలో 51 మంది మద్దతు కావాలి. కాబట్టి అధ్యక్షుడు ఒక పార్టీవాడు, ఉపాధ్యక్షుడు మరో పార్టీవాడు అయ్యే అవకాశం ఉంది. జనవరి 20 నాటికీ ప్రతినిధుల సభ తేల్చుకోలేకపోతే, సెనేట్ ఎన్నుకున్న ఉపాధ్యక్షుడే అప్పటిదాకా అధ్యక్ష బాధ్యత చూస్తాడు.

ఇది ఒకసారి జరిగింది. 1824లో నలుగురు పోటీ చేశారు. ఆండ్రూ జాక్సన్‌కు 99, జాన్ క్విన్సీ ఆడమ్స్‌కు 84, విలియమ్ క్రాఫర్డ్‌కు 41, హెన్రీ క్లేకు 37 మంది ఎలక్టర్లు వచ్చారు. కావలసింది 131. నాలుగో స్థానంలో ఉన్న క్లే నియమం ప్రకారం పక్కకు తప్పుకోవలసి వచ్చింది. కాని ఆయన ప్రతినిధుల సభకు స్పీకరు. ఆయన మద్దతుతో 1825 ఫిబ్రవరి 9న సభ ఆడమ్స్‌ను ఎన్నుకుంది. 24 రాష్ట్రాల్లో సరిగ్గా 13 ఆయనకు వేశాయి. ఆ వెంటనే ఆడమ్స్ క్లేను విదేశాంగ మంత్రిని చేశారు. ఎక్కువ ఓట్లు తెచ్చుకొని కూడా ఓడిన జాక్సన్ వర్గం, ఇది కుమ్మక్కు వ్యవహారమని నాలుగేళ్లూ దుమ్మెత్తిపోసింది. 1828లో జాక్సన్ గెలిచారు.

స్వతంత్ర అభ్యర్థికి ఇందులో ఉన్న చిక్కు ఏమిటంటే, ఎన్నికను ప్రతినిధుల సభ దాకా లాక్కెళ్లే శక్తి ఆయనకు ఉండవచ్చు, ఆ సభలో గెలిచే శక్తి మాత్రం ఉండదు. అక్కడి సభ్యులు దాదాపు అందరూ ఆ రెండు పార్టీలవారే. తలుపు తెరిచేది స్వతంత్రుడు, లోపలికి వెళ్లి కూర్చునేది ఎక్కువ రాష్ట్రాలు చేతిలో ఉన్న పార్టీ. పోనీ ఎలక్టర్లను ముందు పెట్టి బేరమాడదామంటే ఆ దారీ ఇప్పుడు ఇరుకైంది. మాట తప్పే ఎలక్టర్లను రాష్ట్రాలు శిక్షించవచ్చని సుప్రీంకోర్టు 2020లో ఏకగ్రీవంగా తీర్పు ఇచ్చింది.

2024 చెప్పిన సంగతి

ఇటీవలి ఉదాహరణ రాబర్ట్ ఎఫ్. కెనెడీ జూనియర్. డెమోక్రటిక్ ప్రైమరీలో దిగిన ఆయన 2023 అక్టోబరు 9న స్వతంత్రుడిగా పోటీ చేస్తానని ప్రకటించారు. కొన్ని సర్వేల్లో ఆయనకు రెండంకెల శాతం మద్దతు కనిపించింది. ఆయన వల్ల నష్టం తమకేనని రెండు పార్టీలూ వేర్వేరు సమయాల్లో భయపడ్డాయి. జూన్ 27న జరిగిన టీవీ చర్చకు కావలసిన అర్హత ఆయనకు దక్కలేదు. న్యూయార్క్‌లో ఆయన ఇచ్చిన నివాస చిరునామా చెల్లదని కోర్టు పేరు తొలగించమంది. జూలైలో జో బైడెన్ తప్పుకొని కమలా హారిస్ వచ్చాక కెనెడీ మద్దతు కరిగిపోయింది. ఆగస్టు 23న ప్రచారం ఆపి ట్రంప్‌కు మద్దతు ప్రకటించారు.

అక్కడినుంచి కథ తలకిందులైంది. అంతదాకా బ్యాలట్ మీద పేరు ఎక్కించుకోవడానికి కోర్టుల చుట్టూ తిరిగిన మనిషి, పోటీ గట్టిగా ఉన్న రాష్ట్రాల్లో పేరు తీయించుకోవడానికి తిరిగారు. నార్త్ కరోలినాలో కోర్టు తీసేయమంది. బ్యాలట్లు మళ్లీ అచ్చు వేయవలసి వచ్చి, పోస్టులో పంపడం ఆలస్యమైంది. మిషిగన్, విస్కాన్సిన్ రాష్ట్రాల్లో మాత్రం పేరు అలాగే ఉండిపోయింది. అక్కడ వేలమంది ఆయనకే ఓటు వేశారు. అయితే ట్రంప్ 312 మంది ఎలక్టర్లతో గెలవడం వల్ల ఆ ఓట్లు ఫలితాన్ని మార్చలేదు. 2025లో కెనెడీ ట్రంప్ ప్రభుత్వంలో ఆరోగ్య మంత్రి అయ్యారు. ఒక్క ఎలక్టరూ లేని స్వతంత్రుడు చివరికి మంత్రివర్గంలో కూర్చున్నాడు. ఓట్ల లెక్కలో కనిపించని ప్రభావం ఇలా కూడా ఉంటుంది.

పెరో విషయంలోనూ అంతే. ప్రభుత్వ ఖర్చుకూ ఆదాయానికీ మధ్య లోటు అన్న పొడి విషయాన్ని ఆయన పటాలూ అంకెలూ పెట్టి టీవీలో అరగంటల తరబడి చెప్పారు. కోట్లమంది విన్నారు. ఆ తర్వాత కొన్నేళ్లపాటు రెండు పార్టీలూ ఆ లోటు గురించి మాట్లాడక తప్పలేదు.

మనకు తెలిసిన మందు ఒకటుంది

మూడో మనిషికి వేస్తే నచ్చనివారు గెలుస్తారేమోనన్న భయాన్ని తీర్చే పద్ధతి ఒకటి మన దేశంలోనే ఉంది. రాష్ట్రపతి ఎన్నికలో ఓటరు ఒకరినే ఎంచుకోడు. మొదటి ప్రాధాన్యం, రెండో ప్రాధాన్యం అని వరుస రాస్తాడు. 1969 ఎన్నిక ఇందుకు గొప్ప ఉదాహరణ, అందులో పోటీ పడ్డ ప్రధాన అభ్యర్థులిద్దరూ తెలుగువారే. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి, స్వతంత్ర అభ్యర్థి వి.వి. గిరి. మూడో ముఖ్య అభ్యర్థి సి.డి. దేశ్‌ముఖ్. మొదటి ప్రాధాన్య ఓట్ల విలువలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చాయి. ఎవరికీ సగం దాటలేదు. వెనుకబడినవారిని ఒక్కొక్కరినే తప్పించి, వారి ఓటర్లు రాసిన తర్వాతి ప్రాధాన్యాలను లెక్కలోకి తీసుకున్నారు. గిరి 4,20,077 దగ్గర నెగ్గారు, సంజీవరెడ్డి 4,05,427 దగ్గర ఆగారు. దేశ్‌ముఖ్‌కు వేసినవారి ఓటు వృథా కాలేదు, వారి రెండో మాటకూ విలువ దక్కింది.

అమెరికాలో మెయిన్ రాష్ట్రం 2020 నుంచి అధ్యక్ష ఎన్నికకు ఈ తరహా పద్ధతినే వాడుతోంది. అలాస్కా 2024లో వాడింది. మిగతా రాష్ట్రాల్లో పాత పద్ధతే. ఈ మందుకూ ఒక హద్దుంది. ఒక రాష్ట్రంలో ఓట్లు చీలే సమస్యను ఇది తీరుస్తుంది. ఎవరికీ 270 రాకపోయే ప్రమాదాన్ని తీర్చలేదు. దానికి రాజ్యాంగాన్నే సవరించాలి.

ఓటు వృథా అవుతుందా?

ఇక మొదట అడిగిన ప్రశ్నకు వద్దాం. ఓటు చేసే పనులు రెండు. ఒకటి, పాలకుణ్ణి ఎంచడం. రెండు, ఓటరు మనసులోని మాటను బహిరంగంగా నమోదు చేయడం. అమెరికాలో ఏ పని ఎంత చేయగలదన్నది ఓటరు ఏ రాష్ట్రంలో ఉన్నాడన్నదాన్ని బట్టి ఉంటుంది. కాలిఫోర్నియాలో ఉన్నవారు మూడో అభ్యర్థికి వేసినా ఆ రాష్ట్రపు ఎలక్టర్లు ఎటు వెళ్తారో దాదాపు ముందే తెలుసు. అక్కడ మనస్సాక్షి చెప్పినట్టు వేయడానికి అయ్యే ఖర్చు తక్కువ. జార్జియాలోనో మిషిగన్‌లోనో ఉన్నవారి సంగతి వేరు. 2020లో జార్జియాలో తేడా 11,779 ఓట్లు. అలాంటి చోట ఓటరు మూడో పేరు పక్కన గుర్తు పెట్టేముందు, మిగతా ఇద్దరిలో ఎవరు గెలిచినా తనకు ఒకటేనా అని ఒకసారి ఆలోచించాలి. ఒకటే అయితే నిశ్చింతగా వేయవచ్చు. కాకపోతే ఆ ఓటుకు ఒక మూల్యం ఉందని తెలిసే వేయాలి.

మనస్సాక్షిని బట్టి వేసిన ఓటును ద్రోహమనడం మాకు సమ్మతం కాదు. ఓటు ఏ పార్టీకీ పుట్టుకతో వచ్చిన ఆస్తి కాదు, అడిగి సంపాదించుకోవలసినది. అయితే మనస్సాక్షి పేరు చెప్పి ఫలితం నాకు సంబంధం లేదని చేతులు కడుక్కోవడం కూడా సరికాదు. అక్కడ ఏర్పడే ప్రభుత్వం వీసాల విషయంలో, సుంకాల విషయంలో, యుద్ధం విషయంలో తీసుకునే నిర్ణయాల బరువు ఓటు లేనివారి మీద కూడా పడుతుంది. ఆ ఓటు లేనివారిలో ఇక్కడి మన ఇళ్లు కూడా ఉన్నాయి.

కాబట్టి వచ్చే ఎన్నికలో మళ్లీ ఒక స్వతంత్రుడి పేరు వినిపించినప్పుడు మన పాఠకులు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలని కోరుతున్నాము. ఆయన పేరు ఎన్ని రాష్ట్రాల బ్యాలట్ మీద ఉంది? ఆయన బలం దేశమంతటా పరుచుకొని ఉందా, కొన్ని రాష్ట్రాల్లో గుమికూడి ఉందా? పోటీ గట్టిగా ఉన్న రాష్ట్రాల్లో ఆయన ఓటర్ల రెండో ఎంపిక ఎవరు? ఎన్నిక ప్రతినిధుల సభకు వెళ్తే 26 రాష్ట్రాలు ఎవరి చేతిలో ఉన్నాయి? సర్వేలు చూపే శాతం కంటే ఈ నాలుగు జవాబులే ఆ అభ్యర్థి అసలు బలాన్ని చెబుతాయి. అమెరికాలో ఉన్న మీ పిల్లలు ఈసారి ఫోన్‌లో అడిగితే, ఎవరికి వేయమనో చెప్పే ముందు, నువ్వు ఏ రాష్ట్రంలో ఓటు వేస్తున్నావని అడగండి.